బొమ్మ కలిపే గది: కోనసీమ పట్టణంలో ఒక లోకల్ కేబుల్ ఛానల్, 1989–2016

ఈ కేస్ స్టడీ కోనసీమలోని ఒక చిన్న పట్టణంలో 1989లో మొదలైన కేబుల్ నెట్‌వర్క్‌కు, దానిలో భాగంగా 2016 వరకు నడిచిన లోకల్ ఛానల్‌కు సంబంధించినది. నేను అక్కడ మొదట లైన్లు లాగే పనిలో చేరి, తర్వాత కంట్రోల్ రూం టెక్నీషియన్‌గా, చివరి పన్నెండేళ్ళు భాగస్తుడిగా ఉన్నాను. భాగస్తులూ వారి కుటుంబాలూ ఇంకా అక్కడే ఉన్నందువల్ల ఊరి పేరు రాయడం లేదు. నా దగ్గర మిగిలిన ఆధారాలు కొన్ని ప్రసార రిజిస్టర్లు, చేతితో గీసిన లైన్ల పటం, స్క్రోలింగ్ ప్రకటనలు రాసుకున్న మూడు నోటు పుస్తకాలు. వాటిలో లేని చోట జ్ఞాపకం మీద ఆధారపడ్డాను.

జనం కోరుకున్న ఛానల్, ఖర్చుకు తగ్గ ఆదాయం వస్తున్న ఛానల్ ఎందుకు ఆగిపోయిందన్నది నా ప్రశ్న. శాటిలైట్ ఛానళ్ళ పోటీ వల్లనో, ఆ తర్వాత ఫోన్ల వల్లనో అని చాలామంది అంటారు. ఇరవై ఏడేళ్ళు ఆ గదిలో కూర్చున్నవాడిగా నా నిర్ధారణ వేరు. ఊరి బొమ్మను మిగతా బొమ్మలతో కలిపే చోటు ఊళ్ళో ఉన్నంతకాలం ఛానల్ బతికింది. ఆ చోటు ఊరు దాటిపోయాక బతకలేదు.

మన కేబుల్ పుట్టుకకూ అమెరికా కేబుల్ పుట్టుకకూ ఉన్న తేడాను ముందుగా గమనించాలి. అక్కడ 1948 ప్రాంతంలో పెన్సిల్వేనియా, ఆరెగాన్ రాష్ట్రాల్లో కొండలు అడ్డమై టీవీ సిగ్నల్ సరిగా అందని ఊళ్ళలో, ఎత్తయిన చోట ఒక పెద్ద యాంటెన్నా నిలబెట్టి, అక్కడి నుంచి ఇళ్ళకు తీగ లాగారు. ఎక్కడో తయారైన బొమ్మను ఊరికి తేవడమే ఆ తీగ పని, సొంత కార్యక్రమాలు తర్వాత వచ్చి చేరాయి. మన పట్టణాల్లో ఇందుకు తలకిందులుగా జరిగింది. 1980ల చివరలో దూరదర్శన్ కోసం ఎవరి డాబా మీద వారికి యాంటెన్నా, దాని కింద బూస్టర్ ఉండేవి. కేబుల్ వచ్చింది వీసీపీ కోసం, అంటే వీడియో క్యాసెట్లు నడిపే పెట్టె కోసం. మా నెట్‌వర్క్ ఒక వీడియో క్యాసెట్ల అద్దె షాపు వెనక గదిలో మొదలైంది. టీవీ, వీసీపీ రాత్రికి అద్దెకు తీసుకుని ఇంటిల్లిపాదీ సినిమా చూసే రోజుల్లో, ఆ షాపు యజమాని తన వీసీపీ నుంచి టీవీకి బొమ్మ వెళ్ళే ఆర్‌ఎఫ్ అవుట్‌కు, సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్ ఒకటి తగిలించి, మేడ మీద నుంచి పక్క మేడకు తీగ వేసి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒక సినిమా వేయడం ప్రారంభించారు. నెలకు 30 రూపాయలు. శాటిలైట్ బొమ్మ అనేది రాకముందే, మా తీగకు ఒక చివర మా ఊరి మనిషి, మా ఊరి గది ఉన్నాయి. తర్వాత జరిగినదంతా ఈ ఒక్క విషయం మీదనే నిలబడింది.

ఆ సినిమాలకు హక్కులు లేవన్న మాట దాచకూడదు. కేబుల్ ద్వారా చందాదారుల ఇళ్ళకు వీడియో సినిమా చూపించడం ప్రజలకు ప్రసారం చేయడమే అవుతుందని, హక్కుదారు అనుమతి లేకుండా అలా చేయరాదని బొంబాయి హైకోర్టు 1989లోనే గార్వారే ప్లాస్టిక్స్ కేసులో చెప్పింది. ఆ తీర్పు మా వంటి ఊళ్ళకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. చేరాక కూడా మేము కొంతకాలం మానలేదు. అది తప్పు. లోకల్ ఛానల్ చరిత్ర రాసేవారు ఆ పునాదిని వదిలేసి రాస్తే నిజం సగమే అవుతుంది.

తీగ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊరికీ కేబుల్‌కూ ఉన్న సంబంధం ఆ తీగ వెంబడే అల్లుకుంది. ఇళ్ళలోకి వేసే ఆర్‌జీ 6 తీగలో, అప్పటి టీవీ ఛానళ్ళు నడిచే 200 మెగాహెర్ట్జ్ దగ్గర, ప్రతి 100 మీటర్లకు సుమారు 10 డెసిబెల్స్ పోతాయి, అంటే శక్తిలో పదో వంతు మాత్రమే మిగులుతుంది. మెయిన్ లైన్‌కు వేసే లావు తీగ ఆర్‌జీ 11లో నష్టం సుమారు 6 డెసిబెల్స్. అందువల్ల కొంత దూరానికొక యాంప్లిఫయర్ తప్పనిసరి. అది సిగ్నల్‌తో పాటు గోలనూ పెంచుతుంది కాబట్టి, వరసలో ఆరో ఏడో యాంప్లిఫయర్ దాటిన వీధిలో బొమ్మ మీద చుక్కలు మొదలయ్యేవి. ఆ రోజుల్లో తీగలోనుంచే కరెంటు పంపే యాంప్లిఫయర్లు మాకు లేవు. దారిలో ఎవరో ఒకరి ఇంట్లో పెట్టి, వారి మీటరు నుంచే కరెంటు తీసుకునేవాళ్ళం. బదులుగా ఆ ఇంటికి కనెక్షన్ ఉచితం. ఆ ఇంటివారు ఊరికి వెళుతూ మెయిన్ ఆపేస్తే, అవతల నలభై ఇళ్ళకు బొమ్మ పోయేది. ఒక ఇంట్లో మామ్మగారు ప్రయాణానికి ముందు తాళంచెవి మా లైన్‌మ్యాన్ చేతిలో పెట్టి, "పెట్టె దగ్గర స్విచ్చి మాత్రం ముట్టుకోలేదు నాయనా, మిగతావన్నీ ఆపేశాను, సాయంత్రం ఓసారి చూసుకో ఆయ్" అని చెప్పి వెళ్ళేవారు. మాకు ఊళ్ళో పదకొండు అటువంటి ఇళ్ళు ఉండేవి. నా పటంలో వాటిని ఎర్ర సిరాతో గుర్తుపెట్టాను. నెట్‌వర్క్ ఆస్తి మాదే అయినా, అది నడిచింది మాత్రం ఆ పదకొండు ఇళ్ళ మంచితనం మీద.

1991లో ఆసియాశాట్ 1 ఉపగ్రహం మీద స్టార్ ఛానళ్ళు, 1992 అక్టోబరు 2న జీ, 1993 ఏప్రిల్‌లో సన్ వచ్చాయి. మేము 12 అడుగుల డిష్‌ను షాపు మేడ మీద ఆగ్నేయం వైపు తిప్పి బిగించాం. అటు పక్క పెరట్లో ఎదిగిన కొబ్బరి చెట్టు మట్ట గాలికి అడ్డం వచ్చినప్పుడల్లా బొమ్మ మీద చుక్కలు పడేవి. ఏటా ఒకసారి ఆ మట్టలు కొట్టించే ఖర్చు మా లెక్కల్లో విడిగా కనిపిస్తుంది.

డిష్ వచ్చాక అసలు పరీక్ష ఛానళ్ళ సంఖ్య దగ్గర ఎదురైంది. పాత టీవీలు పట్టగలిగిన వీహెచ్‌ఎఫ్ స్థానాలు 2 నుంచి 12 వరకు, అంటే పదకొండు. బొమ్మను ఒక ఛానల్ స్థానంలోకి ఎక్కించే పరికరాలు మాడ్యులేటర్లు. చవక మాడ్యులేటర్లతో పక్కపక్క స్థానాల్లో రెండు బొమ్మలు వేస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి, ఒకటి విడిచి ఒకటి వాడుకోవాలి. నిజంగా దొరికినవి ఆరు. వాటిలో ఒకటి మా వీసీపీకి ఉంచడం అంటే, డబ్బిచ్చే చందాదారుకు ఒక శాటిలైట్ ఛానల్ తగ్గించడమే. భాగస్తుల మధ్య గట్టి వాదన జరిగింది. వీసీపీ మొదటి నుంచీ ఉన్నది, దాన్ని తీసేస్తే జనం ఊరుకోరు అన్న మాట నెగ్గింది. ఆ సినిమా స్థానంలోనే, సినిమాకు ముందు అరగంటగా, 1993 సంక్రాంతికి లోకల్ ఛానల్ మొదలైంది.

మొదటి కార్యక్రమం జగ్గన్నతోట ప్రభల తీర్థం. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తయిన కట్టడాలు, ఆ తోటకు వస్తాయి. కొన్ని ప్రభలను కౌశిక నది నీళ్ళలోంచి భుజాల మీద దాటిస్తారు. పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరా ఒకటి అద్దెకు తెచ్చి, మధ్యాహ్నం నీళ్ళలో నిలబడి తీశాం. ఎడిటింగ్ లేదు. తీసిన క్యాసెట్టు తీసినట్టే తెచ్చి రాత్రి ఏడున్నరకు వీసీపీలో పెట్టాం. ఒక చోట ప్రభ కాస్త వంగినప్పుడు మోసేవాళ్ళు ఒకరినొకరు కేకలు వేసుకోవడం, కెమెరా మీద నీళ్ళు పడడం, ఎవరో పిల్లవాడు లెన్సులోకి తొంగిచూడడం అన్నీ యథాతథంగా వచ్చాయి. పది నిమిషాలు గడవకముందే షాపు ముందు జనం చేరారు. మా వాడు కనిపించాడు, మళ్ళీ వెనక్కి తిప్పండి అని అడిగారు. ఆ రాత్రి ఆ క్యాసెట్టు మూడుసార్లు వేశాం. సినిమా వేయలేదు, ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత రెండేళ్ళలో ఛానల్‌కు ఒక రూపం వచ్చింది. అంతర్వేది కల్యాణం, బడుల వార్షికోత్సవాలు, వారానికోసారి ఊరి వార్తలు. వీటన్నిటికన్నా ఎక్కువ మంది చూసింది అక్షరాలను. మొదట చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి, గోడకు అంటించి, కెమెరా ఎదురుగా పెట్టి ఉంచేవాళ్ళం. కంప్యూటర్ వచ్చాక అడుగున స్క్రోలింగ్ మొదలైంది. అంబాజీపేట మార్కెట్‌లో ఆనాటి కొబ్బరి ధర, కాలువలు కట్టే తేదీ, తిరిగి నీళ్ళు వదిలే తేదీ, కరెంటు ఉండని వేళలు, రక్తం కావలసినవారి కబురు, తప్పిపోయిన దూడ, మరణవార్త, పెద్దకర్మ తేదీ. ఒక ఉదయం ధర మార్చడం మరిచిపోతే, తోట యజమాని ఒకరు సైకిల్ మీద వచ్చి, "నిన్నటి రేటే తిరుగుతోందండి. దాన్ని చూసి మావాడు బేరం ఒప్పేసుకున్నాడండి" అన్నారు. మేము రాసే ఒక్క అంకె మీద ఒకరి ఏడాది పంట బేరం నడుస్తోందని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ధర పక్కన తేదీ, కబురు తెచ్చినవారి సంతకం లేకుండా తెర మీదికి పంపలేదు. నోటు పుస్తకాలు మొదలైంది అందుకే.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి మంటలు అంటుకున్నాయి. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. రాత్రి మా మేడ మీద నుంచి ఆకాశం ఎర్రగా కనిపించేది. మేము కెమెరా తీసుకుని వెళ్ళాం కానీ, జనానికి ఎక్కువ అక్కరకు వచ్చింది మంట బొమ్మ కాదు. ఏ ఊరివారిని ఎక్కడికి తరలించారు, ఏ రోడ్డులో వాహనాలు ఆపుతున్నారు, బడులు ఉన్నాయా లేవా అన్న వివరాలు మండల కార్యాలయం నుంచి రోజుకు రెండుసార్లు తెచ్చి తెర మీద పెట్టడమే అప్పుడు మేము చేయగలిగిన మంచి పని. అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది, జెమినీ కూడా ఆ ఏడాదే వచ్చింది. తెలుగు సినిమా కోసం మా స్థానం చూడవలసిన అవసరం జనానికి పోయింది. పోటీ ఛానల్‌ను చంపిందనే వారు ఇక్కడ ఆగి చూడాలి. మా సినిమా చచ్చింది, మా స్క్రోలింగ్ బలపడింది. అరగంట కార్యక్రమం సాయంత్రం రెండు గంటలకు పెరిగింది.

చట్టం గురించి ఇక్కడ చెప్పడం సబబు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల ఆర్డినెన్సు 1994 సెప్టెంబరు 29న వచ్చి, 1995లో చట్టమైంది. హెడ్ పోస్టాఫీసులో ఫారం నింపి, 50 రూపాయలు కట్టి రిజిస్టరు చేసుకున్నాం. ఆ చట్టంలో కార్యక్రమం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే వీసీఆర్, వీసీపీల ద్వారా చూపించే సినిమాలు, ప్రకటనలు చేర్చి ఉన్నాయి. మన కేబుల్ క్యాసెట్టు నుంచి పుట్టిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. దూరదర్శన్ ఛానళ్ళు రెండు తప్పనిసరిగా వేయాలన్న నియమం అప్పటి 8వ సెక్షన్‌లో ఉండేది. దానికి నేను వ్యతిరేకిని కాను. అయితే ఊరి కార్యక్రమానికి అటువంటి స్థానం ఏదీ ఆ చట్టం ఉంచలేదు. అమెరికాలో 1972లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెద్ద మార్కెట్లలోని కొత్త కేబుల్ నెట్‌వర్క్‌లు ప్రజలకు, విద్యాసంస్థలకు, స్థానిక ప్రభుత్వానికి ఛానళ్ళు విడిచిపెట్టాలని నియమం చేసింది. ఆ తరహా నియమాలను అక్కడి సుప్రీంకోర్టు 1979లో కొట్టివేసినా, నగరాలు కేబుల్ కంపెనీలతో చేసుకునే ఒప్పందాల్లో ఆ షరతును నిలబెట్టుకున్నాయి. మన పురపాలక సంఘాలకు అటువంటి ఒప్పందం చేసుకునే అవకాశమే లేకపోయింది, ఎందుకంటే అప్పట్లో రిజిస్ట్రేషన్ పోస్టాఫీసు చేతిలో ఉండేది. లోకల్ ఛానల్ ఆపరేటరు ఇష్టం మీద మాత్రమే నిలబడింది. ఆపరేటరు చేతిలోంచి అధికారం పోయిన రోజున దాన్ని కాపాడే కాగితం ఎక్కడా లేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. దాని గురించి ఎంత రాసినా తక్కువే కానీ, ఈ కేసుకు సంబంధించినంతవరకే రాస్తాను. ఆ రోజు మధ్యాహ్నం వరకు హెచ్చరిక స్క్రోలింగ్‌లో తిరిగింది. సాయంత్రం కరెంటు పోయింది. ఊరికి అత్యవసరమైన గంటల్లో మా ఛానల్ మూగబోయింది, పదకొండు ఇళ్ళ యాంప్లిఫయర్లు కూడా. తెల్లవారేసరికి డిష్ పక్క వీధిలో ఉంది, మెయిన్ లైన్ కొబ్బరి చెట్ల కింద ఉంది. జనం మాత్రం అలవాటు ప్రకారం షాపు దగ్గరికే వచ్చారు. ఏ ఊరివారు క్షేమం, ఎవరి జాడ తెలియడం లేదు, ఎక్కడ బియ్యం ఇస్తున్నారు అన్న కబుర్లు చీటీల మీద రాసి, మేము చార్టు కాగితాలు అంటించే గోడ మీదనే అంటించారు. మేము ఆ చీటీలను ఊళ్ళవారీగా సర్ది, పాతవి తీసి, తేదీలు వేస్తూ కూర్చున్నాం. కొన్ని వారాల పాటు ఛానల్ ఆ గోడే. లోకల్ ఛానల్ అంటే యంత్రాలకన్నా ముందు కబురు తేవడానికి అందరికీ తెలిసిన ఒక చోటు అని నేను నమ్మడం అప్పటి నుంచే. లైన్లు తిరిగి వేసినప్పుడు యాంప్లిఫయర్లన్నిటికీ మా గది నుంచే, బ్యాటరీ వెనక దన్నుతో, తీగలోనే కరెంటు పంపే ఏర్పాటు చేశాం. ఆ ఖర్చుకు భాగస్తుల్లో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు.

ఆదాయం చీరల షాపులు, ఎరువుల కొట్లు, పండుగ శుభాకాంక్షలు, ఎన్నికల నుంచి వచ్చేది. కేబుల్‌లో రాజకీయ ప్రకటనలు నిషేధించిన నియమాన్ని 2004 మార్చిలో మన హైకోర్టు పక్కనపెట్టింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న ముందస్తు ధ్రువీకరణ పద్ధతి పెట్టింది. పార్టీలు, అభ్యర్థులు కనీసం మూడు రోజుల ముందు ప్రకటనను అధికారులకు చూపించి అనుమతి తెచ్చుకోవాలి. అది మాకు మేలే చేసింది, అంతకు ముందు రాత్రిపూట వచ్చి క్యాసెట్టు వేయమని పట్టుబట్టేవారికి చూపించడానికి ఒక కాగితం దొరికింది. ప్రకటనదారుల ముందు మేము తలవంచిన సందర్భాలూ ఉన్నాయి. ఒక వేసవిలో మంచినీటి పైపులో మురుగు కలుస్తోందని తీసిన వార్తను, ఏటా శుభాకాంక్షలు ఇచ్చే పెద్దమనిషి ఒకరు అడిగారని ఆపేశాం. ఆ వీధిలో వాంతులు, విరేచనాలు వచ్చాయి. ఆ వార్త ఆపడం నేను చేసిన పనుల్లో క్షమించుకోలేనిది.

ముగింపు వేగంగా జరిగింది. 2011లో చట్టం సవరించి, కేబుల్ అంతా డిజిటల్ కావాలని దశలు నిర్ణయించారు. హైదరాబాద్ వంటి నగరాలకు గడువు 2013 మార్చి 31 కాగా, మా వంటి పట్టణాలకు 2015 డిసెంబరు 31. డిజిటల్‌లో బొమ్మలన్నీ హెడ్ఎండ్ దగ్గర, అంటే ఛానళ్ళన్నిటినీ పట్టి కలిపే కేంద్రంలో, అంకెల సంకేతాల్లోకి మారి, ఒక కట్టగా కలిసి, తాళం పడి, ఫైబర్ మీద ఊరికి వస్తాయి. ఆ తాళం తీసేది ఇంట్లోని సెట్‌టాప్ బాక్సు. మా గదిలో మాడ్యులేటర్‌తో కలిపిన బొమ్మ ఆ బాక్సుకు కనిపించదు. అటువంటి హెడ్ఎండ్ పెట్టుకునే స్తోమత ఒక పట్టణం ఆపరేటరుకు లేదు, కాబట్టి దూరాన ఉన్న ఒక పెద్ద సంస్థ ఫీడ్ తీసుకున్నాం. మా ఛానల్‌ను వెనక్కి ఫైబర్ మీద వారికి పంపి, నెలకు రుసుము కట్టి, ఒక నంబరు తెచ్చుకున్నాం. దాంతో ఛానల్ బతికిందనుకున్నాం.

మేము ఊహించనిది ఏమిటంటే, ఆ కట్ట ఒక్క మా ఊరికే రాదు. ఆ హెడ్ఎండ్ కింద ఉన్న ఊళ్ళన్నిటికీ అదే కట్ట. మా వీధిలో పెద్దకర్మ తేదీ ఎనభై కిలోమీటర్ల అవతలి ఊళ్ళో తిరిగింది. అక్కడివారు ఇది మాకెందుకన్నారు, అందులో న్యాయం ఉంది. అందరికీ పనికొచ్చేవి వేయమని సంస్థవారు సలహా ఇచ్చారు. అందరికీ పనికొచ్చేవి వేసే ఛానళ్ళు అప్పటికే వందల కొద్దీ ఉన్నాయి. కబురు తెచ్చి ఇస్తే గంటలో తెర మీదికి వచ్చే పద్ధతి పోయి, ముందురోజు పంపవలసి వచ్చింది. కొబ్బరి ధరకు ముందురోజు అన్నది ఉండదు. 2016 ఆగస్టులో రుసుము కట్టడం ఆపేశాం. ఆపిన రోజున షాపుకు వచ్చి అడిగినవారి పేర్లు మూడో నోటు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టాను, ముప్పై నాలుగు మంది.

క్యాసెట్ల సంగతి చెప్పి ముగిస్తాను. క్యాసెట్టు ఖరీదైనదని ఒకే దాని మీద మళ్ళీ మళ్ళీ తీశాం. 1993 నాటి ప్రభల తీర్థం మీద ఏదో బడి వార్షికోత్సవం ఉంది, ప్రభ వంగిన ఆ క్షణం ఎక్కడా లేదు. మిగిలిన డెబ్బై క్యాసెట్లలో సగానికి కోనసీమ తేమ వల్ల బూజు పట్టింది. ఇటువంటివి ఎవరి దగ్గరైనా ఉంటే, ఉన్నదున్నట్టుగా పాత వీసీపీలో పెట్టి నడపవద్దు. బూజు హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టునూ పాడుచేస్తుంది. నిలువుగా నిలబెట్టి, పొడి గదిలో, సిలికా జెల్ పొట్లాలతో మూసిన డబ్బాలో ఉంచి, టేపు శుభ్రం చేయడం తెలిసినవారి చేత తుడిపించాక ఒక్కసారే, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ నడపాలి. నేను ఇప్పటివరకు పంతొమ్మిది పూర్తి చేశాను. ఇరవయ్యోది పాశర్లపూడి.